హైడ్రో బ్రేక్ విప్పే ముందు

రాయదుర్గం

అల్లుడూ,

మీ జీన్స్ వాషింగ్ యూనిట్లో, తడి బట్టల్ని బాస్కెట్లో గిరగిరా తిప్పి నీళ్లు తీసే హైడ్రో మిషన్ బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయాయనీ, ఆదివారం వాటిని నువ్వే మార్చాలన్నారనీ మీ అమ్మ చెప్పింది. ఫోన్లో చెబితే మిషన్ల మోతలో సగం నీ చెవిన పడదు. అందుకే రాస్తున్నా.

ముందు ఒకటి కనుక్కో. ఆ ప్యాడ్లు ఎందుకు అరిగాయి? కొత్తవి బిగించడం ఒక పూట పని. కారణం పట్టుకోకపోతే నాలుగు నెలలకు మళ్లీ అదే పని. బళ్లారిలో జీన్స్ ఉతికే చోట బ్రేకుకు మొదటి శత్రువు స్టోన్ వాష్ రాయే. రాయితో తిప్పిన ప్యాంటును ఎంత జాడించినా జేబుల్లో, కుట్టు మడతల్లో ఇసుక మిగులుతుంది. హైడ్రోలో నీళ్లతో పాటు అదీ బయటికి చిమ్ముతుంది. పాత ప్యాడ్ విప్పగానే వెలుతురులో పెట్టి వేలితో తడిమి చూడు. బూడిదరంగు రేణువులు ప్యాడ్‌లో దిగబడి, వాటికెదురుగా డిస్కు మీద చుట్టూ గీతలు పడి ఉంటే రాయి పనే. అప్పుడు మార్చాల్సింది ప్యాడ్ ఒక్కటే కాదు, చిమ్మే నీటికి అడ్డుండే రేకు కూడా.

రెండు ప్యాడ్లలో ఒకటే ఎక్కువగా అరిగిందా? కాలిపర్ జారే పిన్నులు తుప్పుపట్టి బిగుసుకున్నాయన్నమాట. బ్లీచింగ్ ఆవిరికి ఇనుము ఏమవుతుందో నీకు తెలిసిందే. ప్యాడ్ మీద జిడ్డు ఉందా? బేరింగ్ సీలు కారుతోంది. జిడ్డు పీల్చిన ప్యాడ్‌ను మంట మీద కాల్చి మళ్లీ వాడేవాళ్లున్నారు, నువ్వా పని చెయ్యకు. మోటారు వేగం మార్చే ఇన్వర్టర్ ఉన్న మిషనైతే వేగాన్ని చాలామటుకు అదే తగ్గించాలి. అది సరిగ్గా పనిచేయకపోతే భారమంతా ప్యాడ్ల మీదే పడుతుంది. కరెంటు పోయిన క్షణాన ఎలాగూ ప్యాడ్లే దిక్కు.

విప్పే పద్ధతి నీకు వచ్చు. మెయిన్ ఆఫ్ చేసి తాళం వేసి, తాళంచెవి నీ జేబులో పెట్టుకో. ‘ముట్టొద్దు’ అని తెలుగులోనే రాస్తే చాలదు. ‘ముట్టబేడి’ అని కన్నడంలో, హిందీలో కూడా రాయి. సిరుగుప్ప నుంచి వచ్చినవాడూ, ఆలూరు నుంచి వచ్చినవాడూ అదే బోర్డు చూడాలి. బాస్కెట్ ఖాళీ చేసి, కదలకుండా చెక్క దిమ్మ పెట్టు. గాలి బ్రేకైతే గాలి పోయినప్పుడు పట్టుకునే రకమా, వదిలేసే రకమా అని మాన్యువల్ చూడకుండా బోల్టు మీద స్పానర్ వేయకు. పట్టుకునే రకమైతే లోపలి స్ప్రింగు చెయ్యి విరిచేస్తుంది. దుమ్మును ఎయిర్ గన్‌తో ఊదొద్దు, తడిగుడ్డతో తుడువు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ వాడేవారు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు ముప్పై ఏళ్ల తర్వాతైనా బయటపడుతుంది. ప్యాడ్లు రెండూ కలిపే మార్చు. డిస్కును డీజిల్‌తో కడగొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగడుగుల బాస్కెట్ నిమిషానికి 700 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పోతుంది. బ్రేక్ మెత్తబడ్డ హైడ్రో ఆగడానికి ఎక్కువ సేపు పడుతుంది. పీసు లెక్కన కూలీ తీసుకునే పిల్లవాడు అంతసేపు ఆగలేడు. మూత స్విచ్చికి తీగ చుట్టేసి, తిరుగుతుండగానే చెయ్యి పెడతాడు. తడి ప్యాంటు కాలు మణికట్టుకు చుట్టుకుంటే భుజం దాకా లాగేస్తుంది. ఒక యూనిట్లో అలా జరిగిన మర్నాడు నేను ఆ మిషన్ విప్పాను. ప్యాడ్ వెనక ఇనుప పలక డిస్కును రాసుకుని మెరుస్తోంది. ఆ అబ్బాయికి పంతొమ్మిదేళ్లు.

అందుకే కొత్త ప్యాడ్లు వేశాక మూత స్విచ్చి కూడా చూడు. తీగ ఉంటే కత్తిరించు. బాస్కెట్ పూర్తిగా ఆగేదాకా మూత తెరుచుకోకూడదు. ఖాళీగా కొన్నిసార్లు తిప్పి ఆపు, తర్వాత సగం లోడుతో, చివరికి పూర్తి లోడుతో. మధ్యలో డిస్కు చల్లారనివ్వు. పూర్తి లోడుతో ఆగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో వాచీ చూసి, పెయింటుతో మిషన్ మీదే రాయి. ప్రతి సోమవారం మళ్లీ చూడమని ఆపరేటర్‌కు చెప్పు. సెకన్లు పెరుగుతుంటే నిన్ను పిలుస్తాడు.

2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌లో, కదిలే యంత్రాన్ని పరీక్షించేవాడు ఒంటికి బిగువైన బట్టలు వేసుకోవాలని ఉండేది. నీ భుజాన తువ్వాలు, మణికట్టుకు కట్టిన దారం తీసేశాకే పనిలోకి దిగు.

లోడు ఆగిపోతోందని ఓనరు తొందరపెడతాడు. ఆయన బాధా నిజమే, పెళ్లిళ్ల సీజన్ ఆర్డర్లు ఉంటాయి. మర్యాదగానే చెప్పు: ‘అన్నా, మూత స్విచ్చి పని చేయందే నేను మిషన్ అప్పగించను.’ ఒప్పుకోకపోతే అదే మాట కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వు. పని పోతుందని భయపడకు. బ్రేక్ తెలిసిన మెకానిక్‌కు బళ్లారిలో పని దొరక్కపోదు.

పాత ప్యాడ్లు పారేయకు. లోపలిదేదో బయటిదేదో గుర్తుపెట్టి, వచ్చేటప్పుడు ఇక్కడికి తీసుకురా. పిన్నుల సంగతి ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామ