ఆట ఎవరిది?

అనకాపల్లి జిల్లాలో నక్కపల్లికి చేరువన, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక గ్రామం ఉంది. అక్కడి కళాకారులు అంకుడు కర్రను లేతు యంత్రంపై చెక్కి, ఆకులు, బెరళ్ళు, గింజల నుండి తీసిన రంగులను లక్కతో కలిపి అద్ది, బొమ్మలు, బొంగరాలు తయారుచేస్తారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. బొంగరాన్ని ఒకసారి కొన్న పిల్లవాడు దానిని ఎప్పుడైనా, ఎక్కడైనా ఆడుకోవచ్చు. చేసినవాని అనుమతి అక్కరలేదు. పులిజూదానికైతే కొనవలసిన వస్తువే లేదు. అరుగు మీద సుద్దతో గీతలు గీసి, మూడు పులులకు గులకరాళ్ళు, పదిహేను మేకలకు చింతపిక్కలు పెట్టుకుంటే చాలు.

వీడియో క్రీడలు కూడా తొలినాళ్ళలో ఇటువంటివే. జపాను సంస్థ నింటెండో 1985లో విడుదల చేసిన సూపర్ మారియో బ్రదర్స్ చిన్న క్యాట్రిడ్జ్‌లో ఇమిడిపోయింది. అది చెడిపోనంతవరకు నేటికీ ఆడవచ్చు. 2000 దశకంలో ఇంటర్నెట్ కేంద్రాలలో యువకులు గుంపుగా ఆడిన కౌంటర్ స్ట్రైక్‌కు సైతం ఆ గదిలోని కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపితే సరిపోయేది.

లైవ్ సర్వీస్ క్రీడల స్వభావం వేరు. ఆటకు ఆయువుపట్టు ఆటగాని ఫోనులో కాక, సంస్థ నడిపే సర్వర్‌లో ఉంటుంది. ఇటువంటి అనేక ఆటలలో ప్రవేశం ఉచితం. ఫోను తప్ప మరే సాధనమూ లేని విద్యార్థి దూరదేశంలోని మిత్రునితో కలసి ఆడగలడు. ఇది చిన్న మేలు కాదు. సంస్థకు ఆదాయం వేషాలు, ఆయుధాల అలంకారాలు, పోటీల రుసుముల రూపంలో వస్తుంది. పూర్వం ఆట అమ్ముడుపోగానే బేరం ముగిసేది. ఇప్పుడు ఆటగాడు మరల మరల రావాలి. అందుకే నేడు రాకుంటే బహుమతి చేజారుతుందనే గడువులు పెడతారు. పులిజూదంలోని మేకలు మాత్రం ఎవరినీ రేపు కూడా రమ్మని ఒత్తిడి చేయవు!

2020 సెప్టెంబరు 2న భారత ప్రభుత్వం దేశ భద్రతా కారణాలతో పబ్‌జీ మొబైల్ సహా 118 యాప్‌లను నిషేధించింది. అక్టోబరు 30న ఆ ఆట సేవలు దేశంలో పూర్తిగా నిలిచిపోయాయి. సొమ్ము పోసి కొనుక్కున్న వేషాలు కొన్నవారికే అందకుండా పోయాయి. 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో ఆట తిరిగి వచ్చినప్పుడు పాత ఖాతాలను మార్చుకొనే వీలు కల్పించారు. 2022 జూలైలో అదికూడా యాప్ దుకాణాల నుండి తొలగింపబడి, 2023 మే నెలలో మళ్ళీ ప్రవేశించింది.

ప్రభుత్వ నిషేధం లేకుండానే ఆట అదృశ్యం కావచ్చు. ఫ్రెంచి సంస్థ యుబిసాఫ్ట్ 2014లో ద క్రూ అనే కార్ల పందెపు ఆటను వెలకట్టి అమ్మింది. 2024 మార్చి 31న సర్వర్లను మూసివేయగా, ఒంటరిగా ఆడదలచినవారికి సైతం ఆ ఆట తెరుచుకోలేదు. ఆ ఏడాదే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం మొదలైంది. సర్వర్లను కలకాలం నడపమని వారు కోరలేదు. సేవ ముగించేటప్పుడు ఆటను ఆడదగిన స్థితిలో విడిచిపెట్టమన్నారు. 2025 జూలై నాటికి ఐరోపాలో పది లక్షలకు పైగా సంతకాలు చేరాయి. సర్వర్ల నిర్వహణ భారమని, ప్రతి ఆటనూ ఆ విధంగా మార్చడం సాధ్యం కాదని సంస్థల వాదన. ఈలోగా అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి 1 నుండి కొత్త చట్టం అమలులోకి వచ్చింది. తరువాత వెనక్కు తీసుకోగల డిజిటల్ ఆటను 'కొనండి' అంటూ అమ్మే విక్రేత, తానిచ్చేది వినియోగానికి అనుమతి మాత్రమేనని ముందుగానే స్పష్టంగా తెలుపవలసి ఉంటుంది.