సరుకుల బజారు ఇళ్లలో బాష్పీభవన శీతలీకరణ: ప్రయోజనాలు, పరిమితులు

హైదరాబాద్‌లోని ఉస్మాన్‌గంజ్ కిరాణా సరుకుల టోకు వ్యాపారానికి పేరొందిన ప్రాంతం. ఇటువంటి పాత బజార్లలో కింద దుకాణం లేదా గిడ్డంగి, పైన నివాసం గల భవనాలు సాధారణం. అందువల్ల వేసవిలో ఇంటిని చల్లబరచుకునే పద్ధతి ఆ కుటుంబానికే గాక బస్తాలు మోసే హమాలీలకు, నిల్వ ఉన్న సరుకుకు కూడా సంబంధించిన విషయమవుతుంది. చల్లదనం మనుషులకు అందాలి. తేమ సరుకును చేరకూడదు. ఈ రెండూ ఎట్లా సాధ్యమో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సూత్రం

నీరు ఆవిరి కావడానికి కావలసిన వేడిని పరిసర గాలి నుంచి గ్రహిస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరైనప్పుడు సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి గాలి నుంచి తొలగిపోతుంది. మట్టికుండలో నీరు చల్లబడడానికి, వట్టివేళ్ల తడికెల మీదుగా వచ్చే గాలి హాయినివ్వడానికి, ఎయిర్ కూలర్ పనిచేయడానికి ఆధారం ఈ సూత్రమే. అయితే ఈ విధానంలో గాలిని తడి బల్బు ఉష్ణోగ్రత కంటే తక్కువకు చల్లబరచడం సాధ్యం కాదు.

కాలాన్ని బట్టి ఫలితం

మే నెల మధ్యాహ్నం గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్, సాపేక్ష ఆర్ద్రత 20 శాతం ఉన్నదనుకుందాం. అప్పుడు తడి బల్బు ఉష్ణోగ్రత సుమారు 22 డిగ్రీలు. కూలర్ సామర్థ్యం 80 శాతమైతే వెలువడే గాలి సుమారు 26 డిగ్రీలకు చల్లబడుతుంది. జూలైలో 31 డిగ్రీల ఉష్ణోగ్రత, 70 శాతం ఆర్ద్రత ఉన్నప్పుడు అదే కూలర్ 4 డిగ్రీలు కూడా తగ్గించలేదు. పైగా వెలువడే గాలిలో ఆర్ద్రత 90 శాతం దాటి ఉక్కపోత పెరుగుతుంది.

ప్రయోజనాలు

1.5 టన్నుల ఎయిర్ కండీషనర్ సుమారు 1,500 వాట్ల విద్యుత్తు వాడుకుంటే, ఇంటి కూలర్‌కు సుమారు 200 వాట్లు చాలు. తలుపులు మూయవలసిన అవసరం లేదు. బయటి గాలి నిరంతరం లోనికి వస్తుంది. సరుకు దింపే ఆరుబయలు చోట కూడా హమాలీలకు ఉపశమనం కలిగించవచ్చు.

సరుకుపై ప్రభావం

పై ఉదాహరణలో మే నెలలో సైతం కూలర్ నుంచి వెలువడే గాలిలో ఆర్ద్రత సుమారు 70 శాతం ఉంటుంది. ధాన్యం, పప్పుల నిల్వలో బూజు పెరగడానికి అవకాశం కలిగే హద్దు దాదాపు ఇదే. బెల్లం తేమను పీల్చి నీరుకారుతుంది. ఎండుమిరపకు బూజు పడుతుంది. ఉల్లి, వెల్లుల్లి కుళ్లుతాయి లేదా మొలకెత్తుతాయి. ఇందుకు భిన్నంగా ఆకుకూరలు, టమాటా వంటి తాజా కూరగాయలకు అధిక ఆర్ద్రత మేలుచేస్తుంది. న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ 1980ల్లో రూపొందించిన, విద్యుత్తు అవసరం లేని శీతల గది ఇందుకు నిదర్శనం. రెండు వరుసల ఇటుక గోడల మధ్య ఇసుక నింపి, దానిని నీటితో తడుపుతూ ఉంటే లోపల చల్లదనం, సుమారు 90 శాతం ఆర్ద్రత నిలుస్తాయి.

సూచనలు

1. కూలర్‌ను బయటి పొడిగాలి తగిలే కిటికీకి అమర్చాలి. తేమగాలి బయటకు పోయేందుకు ఎదుటి కిటికీ తెరిచి ఉంచాలి.
2. ఆ గాలి మెట్లదారి గుండా గిడ్డంగిలోకి దిగకుండా మధ్య తలుపు మూసి ఉంచాలి.
3. బస్తాలను చెక్కపలకలపై, గోడకు ఎడంగా పేర్చాలి. గిడ్డంగికి పొడిగాలి ప్రసారం చాలు.
4. డెంగీ దోమలు పెరగకుండా వారానికొకసారి కూలర్ తొట్టిని ఖాళీచేసి, రుద్ది, ఆరబెట్టాలి.
5. వానకాలంలో నీటి పంపు ఆపి ఫ్యాన్‌ను మాత్రమే వాడుకోవాలి.

ముగింపు

పొడి బల్బు, తడి బల్బు ఉష్ణోగ్రతల మధ్య వ్యత్యాసం ఎంత ఎక్కువైతే బాష్పీభవన శీతలీకరణ అంత లాభదాయకం. కనుక విస్తరణ శాస్త్రవేత్తలు కూలర్‌ను సిఫారసు చేసేముందు ఆ వ్యత్యాసాన్ని కొలవాలి. వెలువడే తేమగాలి ఎటు పోతుందో, దాని దారిలో ఏ సరుకు ఉన్నదో పరిశీలించాలి.