రెండు స్ట్రిప్పుల మీదా 100 మిల్లీగ్రాములే

ప్రశ్న: బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరి పండించే ఒక రైతుకు గజ్జల్లో, నడుము చుట్టూ తామర. డాక్టరు రాసిన ఇట్రాకొనజోల్‌తో తగ్గుముఖం పట్టింది. మందుల షాపులో వేరే కంపెనీది ఇచ్చాక దురద మళ్లీ మొదలైంది. గ్యాస్ మాత్ర రోజూ పరగడుపునే వేసుకునే అలవాటూ ఉంది. తప్పు కొత్త కంపెనీదేనా అని ఆయన సందేహం.

జవాబు: కావచ్చు. కానీ ముందు అనుమానించాల్సింది ఆ గ్యాస్ మాత్రను.

ఇట్రాకొనజోల్ నీళ్లలో కరగని మొండి మందు. మామూలు నీళ్లలో లీటరుకు ఒక మైక్రోగ్రాము కరుగుతుందని అంచనా. ఆ లెక్కన ఒక్క క్యాప్సూల్‌కు లక్ష లీటర్లు కావాలి! కడుపులో ఊరే ఆమ్లంలోనైతే పాతిక లీటర్లు చాలు. గ్యాస్ మాత్ర తగ్గించేది ఆ ఆమ్లాన్నే.

ఆ పాతిక లీటర్లైనా ఏ కడుపులోనూ పట్టవు కదా. అందుకే మందుకు పాలిమర్ తోడు కావాలి. క్యాప్సూల్ విప్పితే రాలే చిన్న గుళికల లోపల పంచదార పూస, దాని మీద మందూ హైప్రోమెలోజ్ అనే పాలిమరూ కలిపిన పూత ఉంటాయి. బెల్జియంలోని జాన్సెన్ సంస్థ తయారుచేయగా 1992లో అమెరికా అనుమతించిన క్యాప్సూల్ ఈ తరహాదే. పటికబెల్లం నోట్లో ఎంతకీ కరగదు, పీచుమిఠాయి నాలుకకు తగలగానే మాయమవుతుంది, రెండూ పంచదారే. మందును పటికబెల్లంలా గట్టిపడనీయకుండా పీచుమిఠాయిలా ఉంచడమే పాలిమర్ పని. కరిగిన మందు ఆమ్లం లేని పేగులోకి దిగగానే మళ్లీ స్ఫటికాలు కట్టబోతుంది. దాన్ని కాసేపు ఆపేదీ హైప్రోమెలోజే.

ఏ మందుకు ఏ పాలిమర్ అన్నది తేలిగ్గా తేలదు. పోవిడోన్ త్వరగా కరుగుతుంది, కానీ తేమ పీలుస్తుంది. తేమ చేరితే మందు అణువులు కదిలి స్ఫటికాలవుతాయి. రిటోనావిర్ అనే ఎయిడ్స్ మందుకు 1998లో ఈ స్ఫటికాల బెడదే వచ్చింది. కొత్త రకం స్ఫటికం పుట్టి, క్యాప్సూళ్లు సరిగా కరగక మార్కెట్ నుంచి తీసేశారు. కోపోవిడోన్ అనే పాలిమర్‌తో కలిపి వేడిమీద కరిగించి చేసిన లోపినావిర్-రిటోనావిర్ మాత్ర 2005లో వచ్చాక మందును ఫ్రిజ్‌లో పెట్టాల్సిన అవసరం తీరింది.

రైతు సందేహంలోనూ న్యాయం ఉంది. పూత మందం, పాలిమర్ పాలు మారితే ఒంటికి పట్టే మందూ మారవచ్చు. స్ట్రిప్పు మీద మాత్రం మిల్లీగ్రాములే కనిపిస్తాయి. మధ్యలో కంపెనీ మార్చకపోవడం మేలు. ఇట్రాకొనజోల్‌లోనే ‘సూబా’ అనే రకమైతే వేరే పాలిమర్‌తో పేగులో విడుదలవుతుంది. అందులో 50 మిల్లీగ్రాములు మామూలు 100కు దాదాపు సమానం. అంకె చూసి ఒకదాని బదులు ఇంకొకటి వేసుకోకూడదు.

మామూలు క్యాప్సూల్‌ను కడుపునిండా భోంచేసిన వెంటనే వేసుకోవాలి. గ్యాస్ మాత్ర నిజంగా అవసరమా అన్నది డాక్టరును అడగాలి. మానలేని వాళ్లకు క్యాప్సూల్‌తో పాటు కోలా తాగమంటారు, షుగరు జబ్బు లేకుంటేనే సుమా. గుండె వైఫల్యం ఉన్నా, సిమ్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మాత్ర వాడుతున్నా ముందే చెప్పాలి. షాపులో అడిగి తెచ్చుకున్న తామర క్రీము ఏదైనా రాస్తుంటే ఆ ట్యూబు కూడా డాక్టరుకు చూపించాలి. అందులో స్టెరాయిడ్ ఉంటే ఏ కంపెనీ క్యాప్సూల్ వేసుకున్నా తామర ఒక పట్టాన వదలదు.