అయిదో దశలో ఛాతీ మంట: రాత్రి అన్నం ముందా, రాత్రి మేత ముందా?



ఈ వారం పాఠం పురుగు గురించి కాదు. పురుగుకి మేత వేసే మనిషి గురించి. కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు మన వాళ్ల షెడ్లలో నాలుగో జ్వరం దాటి పురుగు అయిదో దశకి వచ్చిందంటే గ్రూపులో ఒకటే మాట వినిపిస్తుంది. "ఛాతీ మండుతోంది, పుల్లని తేన్పులు వస్తున్నాయి, పడుకుంటే గొంతు దాకా ఎగదన్నుతోంది, ఏ మాత్ర వేసుకోమంటారు?" అని. నేను డాక్టరుని కాదు, మీ మాదిరే పురుగులు మేపేవాణ్ణి. డాక్టర్లు అందరికీ చెప్పే సంగతుల్నే మన షెడ్డు పనికి సరిపోయేటట్టు ఇక్కడ రాస్తున్నాను.

1. మండేది ఏమిటి?

తిన్న అన్నం గొంతు నుంచి కడుపులోకి దిగే గొట్టాన్ని అన్నవాహిక అంటారు. పెద్దవాళ్లలో సుమారు 25 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అది కడుపుతో కలిసే చోట ఉంగరం మాదిరి ఒక కండరం ఉంది. మింగినప్పుడు తెరుచుకుంటుంది, మిగతా వేళ బిగిసి ఉంటుంది. మూటకి కట్టిన తాడు అనుకోండి.

కడుపులో ఊరేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాని పీహెచ్ 1.5 నుంచి 3.5 దాకా ఉంటుంది, అంటే గట్టి పులుపు. మన పట్టుపురుగు కడుపు దీనికి తలకిందులు. దాని పేగులో రసం సున్నపు నీళ్ల మాదిరి క్షారం, పీహెచ్ 10 దగ్గరికి పోతుంది. మల్బరీ ఆకుని అది ఆ క్షారంలోనే అరిగించుకుంటుంది. మనకి మాత్రం ఆమ్లమే కావాలి. కాబట్టి ఆమ్లం ఉండడం జబ్బు కాదు. కడుపు లోపలి గోడకి జిగురు పూత ఉంది కనక అక్కడ కాలదు. అన్నవాహికకి ఆ పూత లేదు. తాడు వదులై ఆమ్లం పైకి వచ్చినప్పుడు అక్కడ మండుతుంది. అదే ఛాతీ మంట. తమిళంలో నెంజెరిచ్చల్ అంటాం. గుండె దగ్గర మండినట్టు ఉంటుంది గానీ గుండెకి దానికి సంబంధం లేదు. అయితే గుండె జబ్బు కూడా అచ్చం ఇట్లాగే వేషం వేసుకొని రావచ్చు. ఆ సంగతి ఆరో భాగంలో చెప్తాను, దాన్ని మాత్రం వదలకుండా చదవండి.

2. అయిదో దశలోనే ఎందుకు ఎక్కువ?

పురుగు బ్రతుకంతా తినే ఆకులో నూటికి 80 వంతులకి పైనే ఈ ఒక్క దశలో తింటుంది. ఆరేడు రోజులు మనకి తిండికీ నిద్రకీ వేళ ఉండదు. మన ఇళ్లలో ఈ వారం రాత్రి ఎట్లా నడుస్తుందో చూడండి. సాయంత్రం కొమ్మలు కోస్తాం. నడుమ రెండు మూడు టీలు. తొమ్మిదింటికో పదింటికో ఆఖరి మేత వేస్తాం. "మేత అయినాక నిమ్మళంగా తిందాం" అనుకొని పదిన్నరకి పులుసు అన్నమో, టౌనుకి పోయిన పిల్లవాడు తెచ్చిన ఎన్నై పరోటానో కడుపు నిండా తింటాం. పదకొండింటికి షెడ్డు వాకిట్లోనే చాప వేసి పడుకుంటాం.

తిన్న అన్నం కడుపు దాటడానికి రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. నూనె ఎక్కువైతే ఇంకా ఆలస్యం. నిలబడినా కూర్చున్నా బరువుకి ఆమ్లం కిందనే ఉంటుంది. నిండు కడుపుతో పడుకుంటే కడుపు, అన్నవాహిక ఒకే మట్టానికి వస్తాయి. తాడు కొంచెం వదులైనా చాలు, గొంతు దాకా వస్తుంది. దాని పైన ఇంకో సంగతి. కింది అరలకి మేత వేసేటప్పుడు వంగుతాం, కొమ్మల మోపు ఎత్తుతాం. పంచె బిగించి కట్టి, నిండు కడుపుతో వంగితే సంచిని పిండినట్టే.

బీడీ, సిగరెట్టు, సారాయి ఆ కండరాన్ని వదులు చేస్తాయి. బొజ్జ ఉన్నవాళ్లకి, గర్భిణులకి లోపలి ఒత్తిడి ఎక్కువ. కొన్ని బీపీ మాత్రలు కూడా దాన్ని వదులు చేయవచ్చు. అట్లా అని బీపీ మాత్ర మానేయకండి, డాక్టరుకి చెప్పండి.

3. అన్నం ముందు, మేత తర్వాత

ఈ పాఠంలో ఒక్క మాటే గుర్తుంటే చాలు అనుకుంటే అది ఇదే. రాత్రి అన్నాన్ని ఆఖరి మేతకి ముందుకి జరపండి. పడుకోవడానికి మూడు గంటల ముందు తినాలి అని డాక్టర్లు అంటారు. మనకి ఆ మూడు గంటలు వేరే వెతుక్కునే పని లేదు, రాత్రి మేతే ఆ ఖాళీని నింపుతుంది.

ఒక లెక్క ఇస్తున్నాను, మీ షెడ్డుకి తగినట్టు మార్చుకోండి.

పొద్దున 6: మొదటి మేత.
8: టిఫిను.
మధ్యాహ్నం 1: అన్నం. తిన్న వెంటనే పడక వద్దు, కునుకు కావాలంటే కుర్చీలో.
2: రెండో మేత.
4 నుంచి 6 దాకా: కొమ్మలు కోసి, మోపులు షెడ్డుకి చేర్చడం. ఎత్తే పని, వంగే పని అంతా అన్నానికి ముందే ముగించాలి.
7: రాత్రి అన్నం, ముప్పావు కడుపు.
9.30 లేక 10: ఆఖరి మేత. పై అరలు తిన్నవాళ్లు చూసుకుంటే, కింది అరలకి వంగే పని ఇంట్లో మంట లేని వాళ్లకి ఇవ్వండి.
10.30: పడక.

మేత అయినాక ఆకలి వేస్తే ఒక గుక్కెడు నీళ్లో, ఒక చిన్న అరటిపండో చాలు. ఆ వేళకి మళ్లీ పళ్లెం ముందు కూర్చోకండి. ఇంట్లో వండే అక్కలకి ఒక మాట: అందరికీ వడ్డించి, గిన్నెలు కడిగి, ఆఖరున తిని పడుకునేది మీరే. ఏడింటి పళ్లెం మీకూ ఉండాలి.

4. పడక, తిండి

మంచం తల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి 6 నుంచి 8 అంగుళాలు ఎత్తండి. నడుము నుంచి పైకి ఒంటి మొత్తం వాలుగా ఉండాలి. రెండు తలగడలు పెట్టుకుంటే మెడ మాత్రమే వంగుతుంది, కడుపు ఇంకా నలుగుతుంది. అయిదో దశలో నేల మీద చాపకి బదులు ఇట్లాంటి మంచం ఒకటి షెడ్డు దగ్గర పెట్టుకోండి. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే కడుపు కిందికి ఉంటుంది, ఆమ్లం పైకి రావడం తగ్గుతుంది.

తిండిలో అందరికీ ఒకే పట్టిక పనికిరాదు. ఒకరికి మిరపకాయ, ఒకరికి పులుసు, ఒకరికి కాఫీ, ఇంకొకరికి సాత్తూరు కారాసేవు పడదు. రెండు వారాలు చిన్న నోటుబుక్కులో "ఏం తిన్నాను, ఎప్పుడు మండింది" అని రాసుకోండి. చాకీ పురుగులు వచ్చిన రోజు నుంచి ఉష్ణం, తేమ రాసే పుస్తకంలోనే పక్కన రాయవచ్చు. మీ పుస్తకంలో ఏది దొరికిందో దాన్నే తగ్గించండి, అన్నీ మానేసి ఒళ్లు చెడగొట్టుకోవద్దు. నూనెలో వేగినవి రాత్రి వద్దు, తినాలంటే మధ్యాహ్నం తినండి. ఇడ్లీ, కంబు కూళు, పెసరపప్పు, సొరకాయ, బీరకాయ చాలామందికి పడతాయి. పాలు తాగితే అప్పటికి చల్లగా ఉంటుంది గానీ తర్వాత ఆమ్లం మళ్లీ ఊరుతుంది, మందు అనుకొని మాటిమాటికీ తాగకండి. బరువు ఎక్కువ ఉన్నవాళ్లు కొంచెం తగ్గినా మంట తగ్గుతుంది.

ఇంకొక సంగతి. బ్లీచింగ్ పౌడరు, ఫార్మలిన్ కొట్టిన రోజు గొంతు మంట, దగ్గు వస్తే అది కడుపు ఆమ్లం కాకపోవచ్చు, మందు ఘాటే కావచ్చు. మాస్కు కట్టుకోండి, షెడ్డు శుద్ధి చేసేటప్పుడు గాలి వచ్చే వైపు నిలబడండి.

5. మాత్రల సంగతి

మందుల అంగట్లో దొరికేవి మూడు రకాలు.

మొదటిది, ఊరిన ఆమ్లాన్ని విరిచేవి. జెలూసిల్, డైజీన్ మాదిరి ద్రవాలు, నమిలే బిళ్లలు. కొద్ది నిమిషాల్లో పని చేస్తాయి, కొద్దిసేపే ఉంటాయి. వేరే మాత్రలకి దీనికి రెండు గంటల ఎడం ఉండాలి. ఈనో, సోడా ఉప్పులో సోడియం ఉంది, బీపీ, గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి మంచిది కాదు.

రెండోది, ఆమ్లం ఊరడం తగ్గించేవి. ఫామోటిడిన్, రానిటిడిన్ ఈ రకం. రానిటిడిన్ మాత్రల్లో క్యాన్సరు తెచ్చే అవకాశం ఉన్న మలినం దొరికిందని 2020లో అమెరికా వాటిని అంగళ్ల నుంచి తీసేయించింది. మన దేశంలో 2022 సెప్టెంబరులో అత్యవసర మందుల జాబితా నుంచి దాన్ని తీసేశారు. ఇంట్లో పాత స్ట్రిప్పు ఉంటే డాక్టరుని అడిగి వేరేది తీసుకోండి.

మూడోది, ఆమ్లం తోడే పంపుల్నే మూసేవి. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్ ఈ రకం. మన వాళ్లు తప్పు వేళకి వేసుకునేది దీన్నే. మంట వచ్చినాక రాత్రి వేసుకుంటే సరిగా పట్టదు. పొద్దున టిఫినుకి అరగంట నుంచి గంట ముందు, ఖాళీ కడుపున వేసుకోవాలి. పూర్తి గుణం కనపడడానికి ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది. డాక్టరు చూడకుండా 14 రోజులకి మించి వాడకండి. నెలల తరబడి వాడి ఒక్కసారి ఆపితే ఆమ్లం ఎగబడి ఊరుతుంది, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. పేరు చివర "డి" ఉన్న మాత్రల్లో చాలావాటిలో డోంపెరిడోన్ కలిసి ఉంటుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు అడగకుండా అది వేసుకోకూడదు.

ఇప్పుడు నడుము నొప్పి మాత్ర. కొమ్మలు మోసి మోసి నడుము పట్టేసిందని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకుంటాం. అవి కడుపు గోడ మీది జిగురు పూతని పలచన చేస్తాయి, పుండు పడుతుంది. ఆ మంటకి ఇంకో మాత్ర వేసి కప్పిపెడతాం. ఇట్లా రెండూ కలిపి వారం వారం మింగడం ప్రమాదం.

కడుపు పుండుకి ఇంకో పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. బెంగ వల్లా కారం వల్లా పుండు వస్తుందని లోకమంతా నమ్మే రోజుల్లో ఆస్ట్రేలియా డాక్టరు బారీ మార్షల్ 1984లో ఆ బాక్టీరియాని తానే తాగి కడుపు వాపు తెచ్చుకొని చూపించారు. రాబిన్ వారెన్‌తో కలిపి ఆయనకి 2005లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇది పరీక్ష చేసి, యాంటీబయాటిక్ కోర్సుతో నయం చేసే జబ్బు. కాబట్టి మంట తగ్గకపోతే మాత్ర మార్చడం కాదు, పరీక్ష కావాలి.

6. ఇది గ్యాస్ కాదు అని ఎప్పుడు అనుకోవాలి?

ఈ గుర్తుల్లో ఒక్కటి ఉన్నా గుండె అని అనుమానించాలి.

ఛాతీ మీద బరువు పెట్టినట్టు, పిండినట్టు ఉండడం.
నొప్పి ఎడమ చెయ్యి, భుజం, దవడ, వీపు వైపు పాకడం.
చల్లని చెమట, ఆయాసం, కళ్లు తిరగడం.
మోపు ఎత్తినప్పుడు, తోటలో నడిచినప్పుడు వచ్చి, కూర్చుంటే తగ్గడం.

షుగరు ఉన్నవాళ్లకి, ఆడవాళ్లకి నొప్పి గట్టిగా లేకుండా ఒట్టి ఆయాసం, వాంతి, కడుపు పైభాగంలో మంట మాత్రమే రావచ్చు. "జెలూసిల్ తాగితే తగ్గింది కదా" అంటే గ్యాస్ అని రుజువు కాదు. సోడా తాగి తెల్లవారేదాకా చూద్దాం అనుకోకండి.

వెంటనే 108కి ఫోన్ చేయండి. బైకు మీద ఒంటరిగా పోకండి. తమిళనాడులో 2023లో "ఇదయం కాప్పోం తిట్టం" మొదలయింది. గుండెపోటు అనుమానం ఉన్నవాళ్లకి మొదటి మాత్రలు దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఇచ్చి పెద్ద ఆసుపత్రికి పంపుతారు. కోవిల్‌పట్టిలో ప్రభుత్వ తలైమై ఆసుపత్రి ఉంది. విరుదునగర్‌లో 2022 జనవరిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ప్రారంభమయింది. మొదటి ఈసీజీ బాగున్నా డాక్టరు ఉండమంటే ఉండండి, రక్త పరీక్ష చూసి చెప్తారు.

"పురుగు అయిదో దశలో ఉంది, ఎట్లా వదిలి పోయేది?" అని ఆగిపోతారు మన వాళ్లు. ఒక మేత ఆలస్యమైతే గూడు బరువు కొంచెం తగ్గుతుంది, అంతే. గుండెకి రక్తం ఆగితే పోయిన కండరం తిరిగి రాదు. ఈ మాట నొప్పి వచ్చినప్పుడు ఆలోచించేది కాదు. చాకీ పురుగులు దించుకునే రోజే పక్క తోట మామతోనో బావతోనో మాట అనుకోండి: "నాకు ఏదైనా అయితే నువ్వు మేత వెయ్యి, నీకు అయితే నేను వేస్తాను." వాళ్ల నంబరు, 108 షెడ్డు తలుపు మీద రాసి పెట్టండి.

7. రెండు మూడు రోజుల్లో డాక్టరు దగ్గరికి పోవలసినవి

మింగితే అడ్డం పడడం, నొప్పి. తారు మాదిరి నల్లని విరేచనం. రక్తం వాంతి (దీనికైతే అదే గంటలో పోవాలి, నల్లని విరేచనం ఉన్నా అంతే). కారణం లేకుండా బరువు తగ్గడం. మానని వాంతులు. రక్తం తక్కువ ఉందని తేలడం. 45, 50 ఏళ్లు దాటినాక కొత్తగా మంట మొదలవడం. వారానికి రెండు మూడు సార్లు వచ్చే మంట రెండు వారాల మాత్రకి కూడా తగ్గకపోవడం. వీటికి ఎండోస్కోపీ చేయాలని డాక్టరు అంటే భయపడకండి. సన్నని కెమెరా గొట్టం నోట్లో నుంచి పంపి చూస్తారు, చాలాసార్లు కొద్ది నిమిషాల పని.

పుస్తకంలో మంట రాసుకున్న పేజీ, వేసుకుంటున్న మాత్రల స్ట్రిప్పులు అన్నీ వెంట తీసుకుపోండి. నడుము నొప్పి మాత్ర గురించి దాచకుండా చెప్పండి.

సందేహాలు ఉంటే గ్రూపులో వాయిస్ పెట్టండి, తెలిసినంత చెప్పుకుందాం. "ఏ మాత్ర వేసుకోను" అని మాత్రం ఇక్కడ అడగవద్దు, ఒకరి మాత్ర ఇంకొకరికి పనికిరాదు. పైన ఉన్న వేళల లెక్కని ఒక కాగితం మీద రాసి షెడ్డులో అంటించండి. ఈ పంట అయిదో దశలో రాత్రి ఏడింటికే తిని చూసినవాళ్లు, గూళ్లు దించినాక ఎట్లా ఉందో గ్రూపులో చెప్పండి.