గీతకు రెండు వైపులా: తిరువూరు చుట్టూ పట్టణాల బంధం

రెండు పట్టణాల మధ్య రోడ్డు ఉన్నంత మాత్రాన వాటి మధ్య బంధం ఉన్నదని చెప్పడానికి వీల్లేదు. రైలు ఆగని ఊరికి కూడా పట్టాలుంటాయి. పట్టణాలు ఒకదానితో ఒకటి అల్లుకుపోవాలంటే నా దృష్టిలో మూడు కావాలి. మొదటిది, నిత్యం జరిగే ఇచ్చిపుచ్చుకోవడం. రెండవది, ఇరువైపులవారూ తమదనుకునే గతం. మూడవది, యీ రెండింటినీ కనిపెట్టి చూసే సంస్థ. మొదటి రెండూ జనం తమంత తామే సమకూర్చుకుంటారు. మూడవది మాత్రం ఎవరో ఒకరు పూనుకుంటే గాని రాదు. మా తిరువూరు ప్రాంతపు చరిత్ర చూస్తే యీ సంగతి స్పష్టంగా తెలుస్తుంది.

తిరువూరు పెద్ద పట్టణమేమీ కాదు. మాకు రైలు కూడా లేదు. ఐతే ఇటు విజయవాడకూ, అటు ఖమ్మానికీ బస్సులో రమారమి రెండేసి గంటల దారి. మైలవరం, విస్సన్నపేట, నూజివీడు ఈ వైపు; సత్తుపల్లి, కల్లూరు, మధిర ఆ వైపు. ఊరు దాటి ఉత్తరానికి పోతే కాసేపటికే రాష్ట్రం మారిపోతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగినప్పుడు మేము కృష్ణా జిల్లా నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చాము. గీత దాటితే ఖమ్మం జిల్లా. అక్కడికి పోయినా మాట మారదు, పంట మారదు, వేసవిలో మామిడితోట కాపలా గుడిసె కూడా మారదు.

గీత చరిత్ర

యీ గీత కొత్తగా గీసింది కాదు. 1948 వరకు అది నిజాం రాజ్యానికీ, మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకూ మధ్య హద్దు. నిజాం ప్రభుత్వానికి సొంత సుంకాల శాఖ ఉండేది. దానిని కరోడ్‌గిరి అనేవారు. సరుకు హద్దు దాటాలంటే నాకా దగ్గర సుంకం చెల్లించాలి. నాణెం కూడా వేరే. ఆరు బ్రిటిషు రూపాయలకు సుమారు ఏడు హాలీ రూపాయల మారకం. అంటే హద్దు దాటి అమ్ముకునే రైతు సరుకు ధరతో పాటు నాణెం ధరను కూడా లెక్క వేసుకోవలసి వచ్చేదన్న మాట!

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణతో మా దగ్గర రాష్ట్రాల గీత చెరిగిపోయి, జిల్లాల హద్దుగా మాత్రమే మిగిలింది. యాభై ఏడేళ్ళు గడిచాక 2014 జూన్ 2న అది రాష్ట్రాల సరిహద్దుగా మళ్ళీ లేచి నిలబడింది. ఈసారి సుంకం లేదు, నాణెం తేడా లేదు. కనుక దీని బరువు పైకి కనిపించదు. బరువు లేదని మాత్రం అనుకోరాదు. ఆ సంగతి తరువాత చెపుతాను.

హద్దు దాటిన పుస్తకాలు

కరోడ్‌గిరి నాకాలు ఉన్న రోజుల్లోనే గీతకు రెండు వైపులా పట్టణాలను కలిపిన పెద్దలున్నారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1877లో మా ప్రాంతానికి చేరువలోని పెనుగంచిప్రోలులో పుట్టారు. తరువాత మునగాల సంస్థానంలో దివానుగా పనిచేశారు. ఆ మునగాల పరగణా చిత్రమైన ప్రదేశం. చుట్టూ నిజాం రాజ్యం, తాను మాత్రం కృష్ణా జిల్లాలో భాగం. ఈనాడు అది తెలంగాణాలోని సూర్యాపేట జిల్లాలో ఉన్నది.

కొమర్రాజువారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలైనవారి పూనికతో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. 1906లో అక్కడే విజ్ఞానచంద్రికా మండలి పుట్టి, 1908లో మద్రాసుకు తరలింది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషితో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. హైదరాబాదు, మద్రాసు, విజయవాడ మూడూ మూడు దారులు. ఐనా తెలుగు పుస్తకం వాటిని ఒక కుటుంబం చేసింది.

ఇందులో మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటున్నది. గీత చెరిగేదాకా ఆ పెద్దలు ఆగలేదు. చెరిపివేయమని పోట్లాడుతూ కూర్చోనూ లేదు. సభ్యత్వం, చందా, పుస్తకాల జాబితా, ఏటేటా సభ - ఇలాంటి చిన్న చిన్న పనులతో సంస్థను నిలబెట్టారు. భాషాభిమానం అంతకుముందు మాత్రం లేదా? ఉన్నది. దానికి చిరునామా దొరికింది అప్పుడే.

ఉమ్మడి వారసత్వం

మా ప్రాంతపు వారసత్వాన్ని ఏ రాష్ట్రం ఖాతాలో వ్రాయాలో తేల్చడం కష్టం. కంచెర్ల గోపన్న పుట్టింది ఖమ్మం దగ్గరి నేలకొండపల్లి. పాల్వంచ పరగణా తహశీల్దారుగా ఉండి భద్రాచలంలో రామాలయం కట్టించాడు. గోలకొండ చెరసాలలో మగ్గాడు. ఆయన మేనమామలుగా ప్రసిద్ధులైన అక్కన్న మాదన్నల పేరుతో గుహాలయాలున్నది విజయవాడ ఇంద్రకీలాద్రి పాదాన. ఒక్క కుటుంబం కథ చెప్పాలంటేనే ఇన్ని ఊళ్ళు తిరగాలి! భద్రాచలమైనా 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోదే.

అంతకు ముందు కాలానికి పోతే నేలకొండపల్లిలో బౌద్ధ స్తూపం, జగ్గయ్యపేటలో బౌద్ధ స్తూపం. జగ్గయ్యపేటలో దొరికిన ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని శాసనం క్రీస్తుశకం మూడవ శతాబ్దం నాటిది. ఈ కాలానికి వస్తే పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకూ, మా నెమలి వేణుగోపాలస్వామికీ ఖమ్మం వైపు నుంచి జనం వస్తారు. ఎర్రుపాలెం దగ్గరి జమలాపురం వెంకటేశ్వరస్వామికి మావాళ్ళు వెళతారు. మొక్కుకు సరిహద్దు లేదు. పిల్లనిచ్చిపుచ్చుకోవడాలూ అంతే. మా మేనత్తను సత్తుపల్లి ఇచ్చారు. మా ఇంట్లో దాన్ని వేరే రాష్ట్రపు సంబంధమని ఎవరూ అనగా నేను వినలేదు.

సరుకు, రోడ్డు, నీరు

విజయవాడ ప్రక్కన ఇబ్రహీంపట్నంలో మొదలయ్యే 30వ నంబరు జాతీయ రహదారి మైలవరం, తిరువూరు, కొత్తగూడెం, భద్రాచలం మీదుగా జగదల్‌పూర్, రాయపూర్, జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్, లక్నో తాకుతూ ఉత్తరాఖండ్ దాకా పోతుంది. జగదల్‌పూర్ దాకా దీనికి పూర్వం 221 అని నంబరుండేది. ఈ రోడ్డుకు ఈ కొసన 1979లో తొలి యూనిట్ మొదలైన థర్మల్ విద్యుత్ కేంద్రం. పైన కొత్తగూడెంలో సింగరేణి బొగ్గు. మధ్యలో మామిడి, ప్రత్తి, మిరప. నూజివీడు రసాలు, బంగినపల్లి విజయవాడ దగ్గరి నున్న మార్కెట్‌కు చేరి అక్కడి నుంచి ఉత్తరాదికి పోతాయి. మిరప రైతుకు గుంటూరు యార్డు ఉన్నది, ఖమ్మం యార్డూ ఉన్నది. ఏ రోజు ఎక్కడ ధర నిలుస్తుందో ఫోనులో కనుక్కుని లారీ తిప్పుకుంటాడు. ఏ శాస్త్రం చదవని రైతుకు తెలిసిన ఈ పట్టణాల అల్లిక మన ప్రణాళికల్లో ఎక్కడా కనిపించదు.

అన్నిటికంటె పెద్ద బంధం నీరు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసినప్పుడు ఆంధ్ర, హైదరాబాదు వేరువేరు రాష్ట్రాలు. ఐనా అది ఉమ్మడి పథకమే! 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం ప్రాంతాలను తడిపి, చివరకు తిరువూరు, మైలవరం, నూజివీడు మెట్టలకు రావాలి. కాలువ చివరనున్న రైతు కష్టం కాలువ మొదట్లో ఉన్నవాడికి ఎప్పుడూ అర్థం కాదు. ఇప్పుడు మొదలొక రాష్ట్రంలో, చివర మరొక రాష్ట్రంలో. విభజన చట్టం కృష్ణా, గోదావరి నదులకు యాజమాన్య బోర్డులు పెట్టింది. అవి రాష్ట్రాలు మాట్లాడుకునే చోట్లు. పట్టణాలు మాట్లాడుకునే చోటు మాత్రం లేదు.

గీత బరువు

2024 సెప్టెంబరు మొదట్లో మునేరు ఖమ్మాన్ని ముంచింది, బుడమేరు విజయవాడను ముంచింది. ఖమ్మం ప్రక్కగా పారిన మునేరే కిందికి వచ్చి పెనుగంచిప్రోలు మీదుగా కృష్ణలో కలుస్తుంది. పైన నీటిమట్టం ఎంతో కింది ఊరికి గంటల ముందు తెలిస్తే గొడ్డూ గోదా, ధాన్యం బస్తాలు, ఒక్కోసారి ప్రాణాలు దక్కుతాయి. దీనికి సంధి పత్రాలు అక్కరలేదు. ఒక ఊరి ఆఫీసు మరొక ఊరి ఆఫీసును ఎరిగి ఉంటే చాలు.

విద్యార్థుల సంగతి చూడండి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం తిరువూరులో చదివిన నేను ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలో స్థానికుణ్ణి. సత్తుపల్లిలో చదివిన మా బావ ఉస్మానియా ప్రాంతంలో స్థానికుడు. నూటికి 85 సీట్లు స్థానికులకు, మిగిలినవి అందరికీ. ఈ కోటాలు, ఉమ్మడి ప్రవేశాలు పదేళ్ళకు మించకుండా కొనసాగాలని విభజన చట్టం 95వ సెక్షను చెప్పింది. ఆ గడువు 2024 జూన్ 2తో తీరింది. పెళ్ళిలో, తిరునాళ్ళలో కనపడని గీత కాలేజీ గుమ్మం దగ్గర కనపడుతుంది.

మనం చేయగలిగేది

నెదర్లాండ్స్, జర్మనీ సరిహద్దులో ఎన్‌స్కెడె, గ్రోనౌ అనే బట్టల మిల్లుల పట్టణాలున్నాయి. 1940 నుంచి 1945 దాకా జర్మన్ సైన్యం నెదర్లాండ్స్‌ను ఆక్రమించింది. ఆ గాయం ఆరీ ఆరకముందే, 1958లో, ఆ ప్రాంతపు పురపాలక సంఘాలు కలిసి యూరెజియో అనే సంస్థ పెట్టుకున్నాయి. ఈనాడు అందులో వందకు పైగా పురపాలక సంస్థలున్నాయి. అవతలి వైపు ఉద్యోగానికి పోయేవారి చిక్కులు, రోడ్లు, చదువులు అక్కడ చర్చకు వస్తాయి. యుద్ధం చేసుకున్నవాళ్ళు ఇది చేయగలిగితే, ఒకే భాషలో పలకరించుకునే మనం చేయలేమా?

నా మటుకు మూడు పనులు తోస్తున్నాయి. ఒకటి, మునేరు, కట్లేరు, బుడమేరు పొడవునా ఉన్న పట్టణాలు వరద కబురు ఒకరికొకరు నేరుగా అందించుకోవాలి. రెండు, 2016 ఏప్రిల్‌లో మొదలైన ఈ-నామ్ పద్ధతి ఎటూ ఉన్నది కనుక, గీతకు రెండు వైపులా ఉన్న మార్కెట్ కమిటీలు తూకం, నాణ్యత విషయంలో ఒకే కట్టుబాటుకు రావాలి. మూడు, స్తూపాలు, కోటలు, కొండపల్లి బొమ్మలు, భద్రాద్రి ఒకే యాత్రగా చూపే చిన్న పుస్తకం రావాలి.

మొదటి రెండూ పెద్దల చేతిలోవి. మూడవది మన చేతిలోనే ఉన్నది. మన కాలేజీ చరిత్ర, ఆర్థికశాస్త్ర శాఖల విద్యార్థులు సెలవుల్లో తమ తమ ఊళ్ళ శాసనాలు, సంతలు, తిరునాళ్ళ వివరాలు సేకరిస్తే, గీతకు అటువైపు కాలేజీల విద్యార్థులను కలుపుకుంటే, ఏడాదిలో ఆ పుస్తకం తయారౌతుంది. ఆ పని చేయించే బాధ్యత మన విద్యార్థి సంఘం ఎందుకు తీసుకోరాదు? ఉత్తరాలు వ్రాయడానికి, వివరాలు పోగుచేయడానికి నేను సిద్ధం. అటువైపు నుంచి మా బావ కూడా వస్తానన్నాడు.