వస్త్రముల బిగువును జీర్ణకోశమును

దేహము పరమేశ్వరుడు మనకు నివసింప నొసగిన గృహమనియు, దానిని శుచిగాను ఆరోగ్యముగాను ఉంచుకొనుట ధర్మములలో నొకటియనియు మన సమాజమువారు పలుమాఱు చెప్పుచుందురు. మద్యపానమును గుఱించియు, బాల్యవివాహమువలని దేహహానిని గుఱించియు మనవారు చేసిన ఉపన్యాసములకు లెక్కలేదు. అయినను ఉదయము మొదలు రాత్రి పరుండువఱకు మన నడుమును బిగించియుండు త్రాటిని గుఱించి మాటాడువారు అరుదు. ఇది వేదికపై చెప్పదగని చిన్న సంగతియని కొందఱు తలపవచ్చును. ఆ చిన్న సంగతినే మేమిచ్చట విచారింప బూనితిమి.

మేమెఱిగిన యొక గృహమున వివాహపు విందు జరిగినది. ఏబదియేండ్ల గృహిణి యొకతె ఉదయమునుండి పట్టుచీరతో పనులు చేసి, పంక్తులన్నియు లేచిన పిదప తాను భుజించెను. గంట గడవక మున్నే ఱొమ్మున మంటయనియు, గొంతులోనికి పులినీరు వచ్చుచున్నదనియు బాధపడసాగెను. అత్తగారు ఇది దిష్టియని యెండుమిరపకాయలును ఉప్పును త్రిప్పి నిప్పులలో వేసిరి. పొరుగామె వామునీరు త్రాగించెను. వైద్యవిద్య చదివిన మేనకోడలు వచ్చి, "అత్తయ్యా, ముందుగా లంగా బొందు వదులు చేసికొనండి" అనెను. పదిమందిలో ఆ మాట యన్నందుకు పెద్దలు కనుబొమలు ముడిచిరి. లోపలి గదిలోనికి పోయి చూడగా, పట్టుచీర బరువునకు జాఱకుండవలెనని బిగించిన ఆ బొందు నడుముచుట్టును ఎఱ్ఱని గాడి చేసియుండెను. ముడి విప్పి, తిన్నగా కూర్చుండబెట్టిన అరగంటకు మంట చాలవఱకు తగ్గెను. ఆ చిన్నది అంతటితో ఊరకుండక, ఱొమ్ముబాధ గుండెకు సంబంధించినదియు కావచ్చునని మఱునాడు అత్తయ్యకు హృదయపరీక్ష చేయించినది. అందు దోషమేమియు కానరాలేదు. దిష్టి తీసిన పెద్దలను మేము పరిహసింపము. వారి ప్రేమ నిజమైనదే. కాని ఆ ప్రేమ కారణమును వెదకవలసిన చోట వెదకలేదు.

ఇట్లేల కలుగునో తెలిసికొనుటకు జఠరముయొక్క స్థితిని గొంచెమెఱుగవలెను. జఠరము ఖాళీగా నున్నప్పుడు ముడుచుకొనియుండు సంచి. అన్నము చేరినకొలది అది సడలి, లీటరు మొదలు లీటరున్నర వఱకు పదార్థమును పట్టును. సంచి పెరుగవలెనన్న చోటు కావలెను గదా? వెనుక వెన్నెముక కదలదు. ప్రక్కల ప్రక్కటెముకలున్నవి. పైన ఊపిరితిత్తులకును ఉదరమునకును నడుమ డయాఫ్రము అను కండరపు తెర కలదు. ఇక సులభముగా జరిగి చోటిచ్చునది ముందువైపున నున్న పొట్టగోడ యొక్కటియే. ఆ గోడనే మనము త్రాటితోను, తోలుపట్టీతోను బంధించుచున్నాము.

సగము నింపిన తోలుతిత్తిని నడుమ బిగించి కట్టినచో నీరు మూతివైపునకు పొంగును. ఉదరమునను ఇట్లే జరుగును. అన్నవాహిక జఠరముతో కలియుచోట ఉంగరమువంటి కండరము ద్వారపాలకునివలె నుండి, మ్రింగినప్పుడు తెఱచుకొని, తరువాత మూసికొనును. దిగువ ఒత్తిడి మితిమీఱినచో ఆ ద్వారము నిలువలేదు. జఠరమున నూరు హైడ్రోక్లోరిక్ ఆమ్లము మిక్కిలి తీక్ష్ణమైనది. జఠరపు లోపొరకు జిగురుకవచ మున్నందున అది ఆ తీక్ష్ణతను సహించును. అన్నవాహికకు అట్టి కవచము లేదు. కావుననే పైకెగసిన ఆమ్లము తగిలినచోట మంట పుట్టును.

ఇది కేవల మూహ కాదు. స్కాట్లండులోని గ్లాస్గో నగర వైద్యులు, ఱొమ్ముమంట యెన్నడు నెఱుగని ఆరోగ్యవంతులకు నడుముపట్టీ బిగించి పరీక్షించి 2014వ సంవత్సరమున ఫలితములను ప్రకటించిరి. పట్టీ బిగించినప్పుడు జఠరములోని ఒత్తిడి హెచ్చి, అన్నవాహికా జఠరముల సంధిస్థానము పైకి జరిగినట్లును, ఆమ్లము ఆ సంధిని దాటి కొంత పైకెక్కినట్లును వారు కనుగొనిరి. స్థూలమైన నడుము గలవారిలో పట్టీ లేకయే ఇట్టి మార్పు కొంత కానవచ్చెను. బాధ తెలియనివారి లోపలను హాని మొదలగుచుండునని దీనివలన తేలుచున్నది. అంతకు పూర్వమే, 1993వ సంవత్సరమున, అమెరికాలో ఒక్టావియో బెస్సా అను వైద్యుడు భోజనానంతరము త్రేనుపులు, కడుపునొప్పి, ఱొమ్ముమంట అని వచ్చు పురుషులలో కొందఱికి వ్యాధి పంట్లాములోనే యున్నదని వ్రాసి, దానికి బిగువు పంట్లాము వ్యాధియని పేరిడెను. వయస్సుతో పొట్ట పెరిగినను యౌవనమునాటి కొలతనే విడువజాలని పురుషులు మనలోను లేకపోలేదు. ఇట్టి యభిమానము స్త్రీలకు మాత్రమే కలదనుట అన్యాయము.

ఇచ్చట నొక జాగ్రత్త చెప్పవలెను. జఠరమున పుండ్లు వస్త్రముల బిగువువలన కలుగవు. వానికి హెలికోబాక్టరు అను సూక్ష్మజీవియు, నొప్పిబిళ్లలను మితిమీఱి వాడుటయు ముఖ్యకారణములు. మ్రింగుటకు కష్టమైనను, అకారణముగా బరువు తగ్గినను, మలము నల్లబడినను, నడచునప్పుడు ఱొమ్ము పట్టినట్లుండి చేతికో దవడకో నొప్పి ప్రాకినను, బొందు వదులు చేసి ఊరకుండక వెంటనే వైద్యుని కడకు పోవలెను.

శ్వాసమునకును ఈ బిగువు శత్రువే. లోనికి గాలి పీల్చినప్పుడు డయాఫ్రము దిగును, పొట్ట ముందునకు వచ్చును. నిద్రించు శిశువును చూచిన ఇది తెలియును. నడుము బిగించినవారు పొట్టతో శ్వాసింపలేక ఱొమ్ముపైభాగముతో కొఱతగా శ్వాసింతురు. ప్రార్థనాసమయమున గంటసేపు నేలపై కూర్చుండవలసినప్పుడు కొందఱు మాటిమాటికి కదలుచుండుటను మేము చూచి, వారికి శ్రద్ధ లేదని మనసున నిందించియున్నాము. అందు కొందఱికి లేనిది శ్రద్ధ కాదు, ఊపిరి.

ఐరోపాఖండ స్త్రీలు తిమింగలపు నోటిపలకలతోను ఉక్కుకమ్ములతోను చేసిన బిగువు కవచములను శతాబ్దములు ధరించిరి. సోమరింగ్ అను జర్మను శారీరశాస్త్రజ్ఞుడు 1788లోనే వాని హానులను గుఱించి గ్రంథము వ్రాసెను. లండనులో 1881వ సంవత్సరమున హేతుబద్ధ వస్త్రధారణము కొఱకు ఒక సంఘమేర్పడి, లోదుస్తుల బరువు మొత్తము ఏడు పౌనులను మించరాదనియు, నడుమును నొక్కు దుస్తులు కూడదనియు బోధించెను. వీని చదివి మన దేశస్థులు పరదేశపు మౌఢ్యమునకు నవ్వుకొందురు. నవ్వుటకు ముందు మన యింటి సంగతి చూచుకొందము.

మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారి కోడలును, సత్యేంద్రనాథుని ధర్మపత్నియునైన జ్ఞానదానందినీదేవి 1864లో భర్తవెంట బొంబాయికి పోవలసివచ్చినప్పుడు, అంతఃపురమున కట్టు ఒంటిచీరతో బయటికి పోవుట కుదరక, పరదేశపు దుకాణమువారు కుట్టిన యొక దుస్తును ధరించిరట. అది మిక్కిలి యిబ్బందికరముగా నుండెను. బొంబాయిలో పారసీ స్త్రీల కట్టును చూచి, దానిని మార్చి, రవికయు లోలంగాయు చేర్చి చీర కట్టు పద్ధతిని వారు వంగదేశమునకు గొనివచ్చిరి. బ్రాహ్మకుటుంబముల స్త్రీలు ముందుగా స్వీకరించుటచే దానికి బ్రాహ్మికా పద్ధతియను పేరు కలిగెను. ఆ కట్టే కదా స్త్రీలను పాఠశాలకును సభకును సమాజమందిరమునకును నిస్సంకోచముగా రప్పించినది! ఆంధ్రదేశమున రవిక అంతకు పూర్వమే కలదు. ఇచ్చటి ఆచారమంతయు వంగదేశమునుండి వచ్చినదని మేము చెప్పము. అయినను లోలంగాను నాగరికతాచిహ్నముగా ప్రచారము చేసినవారిలో మన సమాజమువారు ముందువరుసలో నుండిరనుట సత్యము. లంగా మర్యాదను కాపాడినది. దాని బొందు నడుమును కోయుచున్నది. మొదటిదానికి కీర్తి నంగీకరించువారము రెండవదానికి బాధ్యత నంగీకరింపవలదా?

కోయుచున్నదనుట యతిశయోక్తి కాదు. వర్ధాయందును బీహారునందును గల వైద్యులు 2024వ సంవత్సరమున ఇరువురు వృద్ధస్త్రీల వృత్తాంతమును ప్రకటించిరి. నడుముకట్టు బిగువుగా ఒకేచోట ఏండ్లతరబడి నొఱయుటచే చర్మము పలుచబడి పుండై, ఆ మానని పుండు కాన్సరుగా మాఱినది. ఒకామెకు డెబ్బది యేండ్లు. ఆమె పుండు పదునెనిమిది నెలలు మానకుండెను. ధోవతి కట్టు పురుషులలోను నడుమువద్ద నిట్టి వ్యాధి కలుగుచున్నదని ఖనోల్కరు అను ప్రసిద్ధ వైద్యుడును అతని సహచరియు 1945లోనే వ్రాసిరి. కావున పాతకట్టు నిర్దోషము, క్రొత్తకట్టు దోషభూయిష్ఠము అనుటకు వీలులేదు. దోషము బిగువునందును, ఒకేచోట నిత్యము కలుగు రాపిడియందును ఉన్నది. ఇట్టి కాన్సరు అరుదైనదే. కాని నడుముచుట్టు చర్మము నల్లబడుట, దురద, పొలుసులు లేచుట అరుదు కావు. వీనిని చెప్పుకొనుటకు సిగ్గుపడి స్త్రీలు దాచుకొందురు. తొడ వెలుపలిభాగమున తిమ్మిరియు మంటయు కలుగుటకు సయితము, నడుముపట్టీ అచ్చటి నరమును నొక్కుట యొక కారణము.

ఇంత బిగింప నేల? బొందు లంగానొక్కదానిని మోయుటలేదు. ఆఱు గజముల చీర కుచ్చిళ్లన్నియు దానిలోనే దోపుదురు; ఆ బరువంతయు సన్నని త్రాటిపై వ్రేలాడును. దీనికితోడు, "గట్టిగా కట్టుకోవే, నలుగురిలో జాఱితే పరువుపోదా" అను తల్లుల హెచ్చరిక యొకటి. భయమువలన వేసిన ముడి అవసరమునకు మించి బిగియును.

ఉపాయములు సులభములు. ఒకే బలము సన్నని త్రాటిపై పడినప్పటికంటె వెడల్పు పట్టీపై పడినప్పుడు చర్మమును తక్కువగా నొక్కును. కావున బొందునకు బదులు రెండుమూడు అంగుళముల మెత్తని పట్టీ కుట్టించి, ప్రక్కన రెండు మూడు వరుసల కొక్కెములు పెట్టించుకొనవలెను. భోజనమునకు ముందు ఒక వరుస వదులు చేసికొనుట యెవరికిని కనబడదు. నిలుచుండి కొలత యిచ్చుట పొరపాటు. నేలపై కూర్చుండినప్పుడు నడుము పెరుగును గనుక, కూర్చుండియే కొలత తీయించుకొనవలెను. తిని కూర్చుండినప్పుడు పట్టీలోపల రెండు వ్రేళ్లు ఆయాసము లేక దూరవలెను. బరువైన చీర కట్టు దినములలో, రవికబట్టతో కలిపి కుట్టి భుజములనుండి వ్రేలాడు లంగా మేలు.  పురుషులు తోలుపట్టీకి మఱియొక రంధ్రము వేయించుకొన్నను చాలును. తిన్న వెంటనే వంగి పనిచేయుటయు, రెండు మూడు గంటలలోపల పరుండుటయు మానవలెను. ఇటీవల నడుము సన్నగా కనబడవలెనని ధరించు సాగుడు లోదుస్తులను గుఱించి వేఱుగ వ్రాయనక్కఱలేదు. అవి పేరు మార్చుకొని వచ్చిన ఆ ఐరోపా కవచములే.

గర్భిణులును, పాలు త్రాగు శిశువులును మఱింత జాగ్రత్తకు పాత్రులు. గర్భము పెరిగినకొలది జఠరమునకు చోటు సహజముగానే తగ్గును. దానిపై బొందు బిగించుట రెట్టింపు బాధ. శిశువు మొలత్రాడు మూడుమాసములకు ముందు వదులైనది మూడుమాసములకు పిదప బిగువగును. కక్కిన పాలకు దిష్టి తీయుటకు పూర్వము ఆ త్రాటిక్రింద వ్రేలు దూర్చి చూడవలెను.

పైన చెప్పిన గృహిణి యిప్పుడు వెడల్పు పట్టీ లంగాలనే కుట్టించుకొనుచున్నది. మొన్న మనుమరాలి పరికిణీకి కొలత తీయుచు, "కూర్చో అమ్మా, కూర్చుంటేనే సరిగ్గా తెలుస్తుంది" అని యామె చెప్పుచుండగా, నాడు ఎండుమిరపకాయలు త్రిప్పిన అత్తగారే ప్రక్కన కూర్చుండి కొక్కెములు అందించుచుండిరి.