ఏదో పిట్ట

పోయిన అక్టోబరులో ఓ పొద్దున్నే ల్యాబ్ బ్లాక్ మెట్ల మీద ఒక పక్షి పడి ఉంది. రాత్రి అద్దానికి గుద్దుకున్నట్టుంది. ఆకుపచ్చ వీపు, లేత పసుపు ఛాతీ, కంటి మీదుగా నల్ల పట్టీ, తోక కింద ఎరుపు. తోకేమో ఎవరో కత్తిరించినంత పొట్టిగా ఉంది. సెక్యూరిటీ బాబాయిని అడిగితే "ఏదో పిట్టలే బాబూ" అన్నాడు. అట్టపెట్టెకి కన్నాలు పెట్టి గంటసేపు చీకట్లో ఉంచాం. మూత తీయగానే లైబ్రరీ వెనక వేపచెట్ల కిందకి ఎగిరిపోయింది.

ఫోటోతో వెతికితే ఇంగ్లిష్ పేరు 'ఇండియన్ పిట్టా' అని వచ్చింది. పిజ్జా లాగా ఇదీ ఇటాలియన్ మాటేమో అనుకున్నా (నవ్వకండి, నాది ఇంగ్లిష్ మీడియం). తీరా చూస్తే అది మన తెలుగు 'పిట్టే'! దీన్ని మనవాళ్లు పొన్నంగి పిట్ట అంటారు. 1713లో లండన్‌లో అచ్చయిన జాన్ రే పక్షుల పుస్తకం చివర్లో మద్రాసు పక్షుల జాబితా ఒకటి ఉంది. అందులోకి మన పొన్నంగి పిట్ట అప్పుడే ఎక్కింది. 1766లో లిన్నేయస్ దీన్ని కాకుల ప్రజాతిలో పడేశాడు. 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త విడదీసి, ప్రజాతికి 'పిట్టా' అనే పేరు పెట్టాడు. ఇప్పుడు ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా, సోలమన్ దీవుల దాకా ఉన్న 40కి పైగా జాతుల్ని పిట్టాలనే పిలుస్తారు. 'ఎరిత్రోపిట్టా' అని ఇంకో ప్రజాతి కూడా ఉంది. ఎరిత్రో అంటే గ్రీకులో ఎరుపు. గ్రీకుకీ తెలుగుకీ సంధి! అంటే బాబాయి తప్పేమీ చెప్పలేదు.

పిట్టాల్లో ఎక్కువ భాగం వానకారడవుల నేల మీద, చీకటి నీడలో బతుకుతాయి. మనది మాత్రం పొదల అడవుల్లో కూడా సర్దుకుంటుంది. హిమాలయాల కింది అడవుల్లో, మధ్య భారతంలో వానాకాలం పిల్లల్ని పెంచి, సెప్టెంబరు, అక్టోబరుల్లో దక్షిణాదికీ శ్రీలంకకీ వస్తుంది. ప్రయాణం రాత్రిపూటే. అలసిపోయి ఊళ్లలో, ఇళ్లలో కూడా దిగుతుంటుంది. బరువు చూస్తే 60 గ్రాములు అటూఇటూ, అంతే! పొద్దున, సాయంత్రం రెండు స్వరాల ఈల వేస్తుంది. అందుకే తమిళులు 'ఆరుమణి కురువి' అంటారు, ఆరుగంటల పిట్ట అని. తిండి కోసం కోయిలలా కొమ్మలెక్కే రకం కాదు. గెంతుతూ, ముక్కుతో ఎండుటాకులు తిరగేసి పురుగుల్ని, వానపాముల్ని ఏరుకుంటుంది. అంత రంగున్నా, వెనక్కి తిరిగితే ఆకుపచ్చ వీపు పొదలో కలిసిపోతుంది.

ఇంకో సంగతి. చాలా పాటల పక్షులు పెద్దవాటిని విని పాట నేర్చుకుంటాయి. పిట్టాలున్న శాఖలో మాత్రం పాట సాధారణంగా పుట్టుకతోనే వస్తుంది. మన భాషలో చెప్పాలంటే ట్రైనింగ్ డేటా అక్కర్లేదు, ఫర్మ్‌వేర్‌లోనే ఉంది. నాకు అలా రాలేదు, 'పిట్ట' తెలుగని ఇంగ్లిష్ పేజీ చదివి తెలుసుకున్నా.

దానికి కావాల్సిందల్లా చెట్ల నీడ, కింద కుళ్లే ఆకు. క్యాంపస్ చుట్టూ పత్తి, మిరప చేలు. నీడంటూ ఉంది ఆ వేపచెట్ల కిందే. అక్కడి ఆకుల్ని రోజూ ఊడ్చి తగలబెడతారు. ఏప్రిల్ దాకా ఆ మూల వదిలేయమని తోటమాలిని అడిగాను. "నాదేముంది బాబూ, ఆఫీసులో అడుగు" అన్నాడు. లెటర్ రాశాం, ఇంగ్లిష్‌లో. ఇంకా జవాబు రాలేదు.